వైఫై మీద సెన్సర్ల కబురు: నమ్మకం ఎక్కడి నుంచి వస్తుంది?

గోదావరి, కృష్ణా డెల్టాల్లోని రొయ్యల చెరువుల్లో పగటి పూట నీటిలో తేలే సూక్ష్మమైన నాచు ఎండ సాయంతో ఆక్సిజన్‌ను తయారుచేస్తుంది. పొద్దు వాలిన తరవాత ఆ నాచు, రొయ్యలు, అడుగున చేరిన వ్యర్థాలను కుళ్లబెట్టే సూక్ష్మజీవులు అన్నీ కలిసి అదే ఆక్సిజన్‌ను వాడుకుంటూ పోతాయి కాబట్టి, నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్, అంటే ఆక్వా రైతులు డీఓ అని పిలిచే కొలత, తెల్లవారుజామున అన్నిటికన్నా తక్కువకు దిగుతుంది. లీటరు నీటికి 4 మిల్లీగ్రాముల పైన ఉండవలసిన డీఓ 3 కంటే కిందికి జారితే రొయ్యలు నీరసిస్తాయి; ఇంకా జారితే అవి నీటి పైకి తేలతాయి, కొద్ది గంటల్లోనే పంట మొత్తం చేజారుతుంది. నీటిని చిలికి గాలిని కలిపే ఏరేటర్లు ఇందుకు మందు. అయితే వాటిని ఎల్లవేళలా తిప్పితే కరెంటు, డీజిలు ఖర్చు తడిసి మోపెడవుతుంది. అవసరమైనప్పుడే తిప్పాలంటే డీఓ ఎంత ఉన్నదో ఎడతెగకుండా తెలుస్తూ ఉండాలి. చెరువులో ముంచిన సెన్సర్ చెప్పే అంకె గట్టు అవతలి మోటారు షెడ్డుకు తీగ లేకుండా ఎలా చేరుతుంది, చేరినదాన్ని ఎంతవరకు నమ్మవచ్చు అన్నదే ఈ ప్రసంగ విషయం.

వేడిమి, తేమ, ఆక్సిజన్ వంటి భౌతిక రాశిని విద్యుత్ సంకేతంగా మార్చే పరికరాన్ని సెన్సర్ అంటారు. లెక్కలు కట్టే భాగం, మెమరీ, బయటి పరికరాలతో మాట్లాడే పిన్నులు అన్నీ ఒకే చిప్పులో ఇమిడి ఉండి, ఒక్క పనిని పదేపదే చేసే చిన్న కంప్యూటరును మైక్రోకంట్రోలర్ అంటారు. ఒకప్పుడు ఇలాంటి చిప్పుకు వైఫై జోడించాలంటే ఖరీదైన మరో బోర్డు కొనవలసి వచ్చేది. షాంఘై కేంద్రంగా పనిచేసే ఎస్ప్రెసిఫ్ సిస్టమ్స్ అనే సంస్థ 2014లో ఈఎస్‌పీ 8266 అనే చిప్పును, 2016లో ఈఎస్‌పీ 32 అనే చిప్పును విడుదల చేసి, వైఫై రేడియోను మైక్రోకంట్రోలరులోనే చేర్చి ఆ ఖర్చును బాగా తగ్గించింది. ఈఎస్‌పీ 32లో పనిచేసే మెమరీ 520 కిలోబైట్లు మాత్రమే. అయినా ఒక చెరువు కబురు మోయడానికి అది చాలినంత. ఈ ప్రసంగంలో చెరువు దగ్గర ఉండే బోర్డును గట్టు బోర్డు అనీ, ఏరేటర్ల స్విచ్చుల దగ్గర ఉండే బోర్డును షెడ్డు బోర్డు అనీ వ్యవహరించడం జరుగుతుంది.

వైఫై మీద పంపిన సందేశం ఎన్నడూ పోదని హామీ ఇవ్వగల పద్ధతి ఏదీ లేదు. కాబట్టి పంపిన ప్రతి అంకె చేరడమే విశ్వసనీయత అని నిర్వచించుకున్న ఇంజనీరు తీరని కోరికతో పని మొదలుపెట్టినట్టే అవుతుంది. ఆచరణలో నిలిచే నిర్వచనానికి మూడు షరతులు ఉంటాయి: చేరిన అంకె సరైనదై ఉండాలి; అది ఎంతసేపటి కిందటిదో తెలియాలి; అంకె చేరకపోతే, చేరలేదన్న సంగతి నష్టం జరగక ముందే బయటపడాలి. ఈ మూడింటినీ రేడియో తనంతట తాను నెరవేర్చలేదు. రెండు బోర్డుల్లోని ప్రోగ్రాములు ముందుగా కుదుర్చుకున్న ఒక ఒప్పందం ప్రకారం నడుచుకున్నప్పుడే అవి నెరవేరుతాయి. ఆ ఒప్పందానికే ప్రోటోకాల్ అని పేరు.

అంకె గాలిలోకి వెళ్లక ముందే చెడిపోయే మార్గాలు కొన్ని ఉన్నాయి. నీటిలో ఎంత ఆక్సిజన్ కరగగలదన్నది నీటి వేడిమి మీద ఆధారపడుతుంది. 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర మంచినీరు లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌తోనే నిండిపోతుంది, ఉప్పునీరు అంతకన్నా తక్కువతోనే నిండిపోతుంది. అందువల్ల డీఓ సెన్సర్ పక్కన ఉష్ణోగ్రత సెన్సర్ కూడా ఉండి తీరాలి. ఈ పనికి విరివిగా వాడే డీఎస్ 18బీ20 అనే సెన్సర్ పూర్తి సూక్ష్మతతో కొలవడానికి 750 మిల్లీసెకన్ల దాకా తీసుకుంటుంది. కరెంటు అందిన వెంటనే, కొలత ముగియక ముందే దాన్ని చదివితే, తయారీదారు ముందుగా ఉంచిన 85 డిగ్రీలు అన్న అంకె వస్తుంది. దారిలో దొర్లే తప్పులను పట్టుకోవడానికి అంకె వెంట పంపే తనిఖీ సంఖ్య సైతం ఆ 85కు చక్కగా సరిపోతుంది, ఎందుకంటే సెన్సర్ నిజంగానే 85 అని పంపింది. ఈఎస్‌పీ 32లో మరో చిక్కు ఉన్నది. సెన్సర్ ఇచ్చే వోల్టేజీని అంకెగా మార్చే విభాగాలు దానిలో రెండు ఉండగా, రెండో విభాగాన్ని వైఫై తన పనికి వాడుకుంటుంది; రేడియో నడుస్తున్నప్పుడు ఆ విభాగపు పిన్నులకు తగిలించిన సెన్సరును చదవడం సాధ్యపడదు. అందుకని అనలాగ్ సెన్సర్లను మొదటి విభాగపు పిన్నులకే కలపాలి. చెరువు నీటికి అసంభవమైన అంకె వచ్చినప్పుడు దాన్ని పారవేయకుండా, కొలత చెల్లదన్న గుర్తుతోనే షెడ్డుకు పంపాలి. సెన్సర్ చెడిపోయిందన్నది కూడా షెడ్డు బోర్డుకు అవసరమైన సమాచారమే.

ఇక గాలి సంగతి. ఈ చిప్పుల వైఫై 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో నడుస్తుంది. భారతదేశంలో 2005 నుంచి ఈ పట్టీని తక్కువ శక్తి గల పరికరాలతో లైసెన్సు లేకుండా ఎవరైనా వాడుకోవచ్చు. ఎవరైనా వాడుకోవచ్చన్న సౌకర్యంలోనే ఎవరినీ ఆపలేమన్న ఇబ్బంది దాగి ఉన్నది: ఇళ్లలోని రౌటర్లు, బ్లూటూత్ పరికరాలు, మైక్రోవేవ్ పొయ్యిలు అన్నీ ఆ ఇరుకులోనే మసలుతాయి. పట్టీలో వాడుకునే 13 ఛానళ్లు ఒకదానికొకటి 5 మెగాహెర్ట్జ్ దూరంలోనే ఉండగా, ఒక్కో ప్రసారం సుమారు 20 మెగాహెర్ట్జ్ వెడల్పును ఆక్రమిస్తుంది కాబట్టి, ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండేందుకు సాధారణంగా ఎంచుకునేవి 1, 6, 11 అనే మూడు ఛానళ్లే. నీరు ఈ తరంగాలను పీల్చుకుంటుంది, నీటి ఉపరితలం వాటిని ప్రతిఫలింపజేస్తుంది; నేరుగా వచ్చిన తరంగమూ నీటి మీద పడి లేచి వచ్చిన తరంగమూ ఒకదానినొకటి దెబ్బతీసుకునే చోటు కూడా ఉంటుంది. కాబట్టి గట్టు బోర్డు యాంటెన్నాను నీటికి ఆనుకుని కాకుండా గుంజ మీద ఎత్తుగా, షెడ్డుకు ఎదురుగా చూపు ఆగని చోట నిలపడం ఏ ప్రోగ్రాము కన్నా ముందు చేయవలసిన పని.

ఒకే గాలిని పలువురు పంచుకోవడం ఎలాగన్న సమస్యకు తొలి సమాధానం హవాయి విశ్వవిద్యాలయంలో దొరికింది. నార్మన్ అబ్రామ్సన్ నాయకత్వంలో 1971 జూన్‌లో ప్రారంభమైన అలోహానెట్ అనే వ్యవస్థ, వేర్వేరు దీవుల్లోని టెర్మినళ్లను ఓహూ దీవిలోని కంప్యూటరుతో రేడియో ద్వారా కలిపింది. అందులో ప్రతి టెర్మినల్ తనకు తోచినప్పుడు సందేశం పంపేది; రెండు సందేశాలు ఢీకొని పాడైతే రసీదు వచ్చేది కాదు; రసీదు రాకపోతే ప్రతి ఒక్కటీ వేర్వేరు వ్యవధులు ఆగి మళ్లీ పంపేది. ఆ వ్యవధి యాదృచ్ఛికంగా, అంటే ఎవరికి వారు పాచిక వేసుకున్నట్టు నిర్ణయమవుతుంది కాబట్టి, ఒకసారి ఢీకొన్న రెండు సందేశాలు మళ్లీ అదే క్షణంలో ఢీకొనే అవకాశం తగ్గుతుంది. ఈ పద్ధతిలో గాలి సామర్థ్యంలో అత్యధికంగా ఉపయోగపడేది 18 శాతం మాత్రమేనని గణితం తేల్చినా, పంపు, రసీదు కోసం చూడు, రాకపోతే అనూహ్యమైన వ్యవధి తరవాత మళ్లీ పంపు అన్న సూత్రం మాత్రం ఆ తరవాతి వ్యవస్థలన్నిటికీ పునాది అయింది.

1997లో వెలువడిన 802.11 ప్రమాణం, అంటే వైఫైకి మూలమైన నియమావళి, ఆ సూత్రానికి మరో జాగ్రత్తను చేర్చింది. పంపే ముందు ప్రతి పరికరం గాలిని విని, ఖాళీగా ఉన్నదని తేలిన తరవాత కూడా యాదృచ్ఛికమైన కొద్ది వ్యవధి ఆగి అప్పుడు పంపుతుంది. అందుకున్న పరికరం ఆ సందేశాన్ని మోసిన ఫ్రేము అనే రేడియో పొట్లం చివర ఉన్న 32 బిట్ల తనిఖీ సంఖ్యను సరిచూసి, సరిగా ఉంటే సెకనులో లక్షవ వంతు విరామం ఇచ్చి రసీదు పంపుతుంది. రసీదు రాకపోతే పంపిన పరికరం తన నిరీక్షణ పరిధిని ప్రతిసారీ రెట్టింపు చేసుకుంటూ కొన్నిసార్లు ప్రయత్నిస్తుంది. ఇదంతా ప్రోగ్రాము రాసినవారి ప్రమేయం లేకుండా రేడియోలోనే జరుగుతుంది. అయితే ఒక మినహాయింపును గుర్తుంచుకోవాలి: అందరినీ ఉద్దేశించి పంపే బ్రాడ్‌కాస్ట్ ఫ్రేములకు ఎవరూ రసీదు ఇవ్వరు, అవి పోతే మళ్లీ పంపడమూ ఉండదు. తేలిక కదా అని డీఓ అంకెను అందరికీ బ్రాడ్‌కాస్ట్ చేసే గట్టు బోర్డు, వైఫై అందించే ఈ రక్షణ మొత్తాన్ని వదులుకున్నట్టే.

రేడియో స్థాయిలో వచ్చే రసీదుకు కూడా ఒక హద్దు ఉన్నది. రిజిస్టర్డు ఉత్తరం వెంట తిరిగి వచ్చే అక్నాలెడ్జ్‌మెంటు కార్డు ఆ ఉత్తరం ఇంటికి చేరిందని చెబుతుందే తప్ప, ఇంటివారు దాన్ని విప్పి చదివారని చెప్పదు. వైఫై రసీదు కూడా షెడ్డు బోర్డులోని రేడియో ఫ్రేమును అందుకున్నదని మాత్రమే చెబుతుంది. ఆ తరవాత మెమరీ నిండిపోయి ఫ్రేము జారిపోవచ్చు, ప్రోగ్రాము వేరే పనిలో చిక్కుకుని దాన్ని చదవకపోవచ్చు, చదివే లోపే బోర్డు రీస్టార్ట్ కావచ్చు. రౌటర్ లేకుండా రెండు బోర్డులు నేరుగా మాట్లాడుకోవడానికి ఎస్ప్రెసిఫ్ సంస్థ రూపొందించిన ఈఎస్‌పీ నౌ అనే పద్ధతికి ఆ సంస్థే ఇచ్చిన సూచనలు ఈ విషయాన్ని దాచిపెట్టవు: రేడియో స్థాయిలో పంపడం సఫలమైనా ప్రోగ్రాము స్థాయిలో అందిందన్న హామీ లేదనీ, అవసరమైన చోట ప్రోగ్రామే రసీదును, వరుస సంఖ్యను ఏర్పాటు చేసుకోవాలనీ అవి చెబుతాయి.

ఈ ఆలోచనకు శాస్త్రరూపం ఇచ్చినవారు జెరోమ్ సాల్ట్‌జర్, డేవిడ్ రీడ్, డేవిడ్ క్లార్క్. 1984లో పత్రికారూపంలో వెలువడిన వారి వ్యాసంలో ఎంఐటీలో జరిగిన ఒక ఉదంతం ఉన్నది. అక్కడి నెట్‌వర్కులను కలిపే కంప్యూటర్లలో ఒకటి, సమాచారాన్ని లోపలి అర నుంచి బయటి అరకు మార్చేటప్పుడు సుమారు పది లక్షల బైట్లకు ఒకసారి రెండు బైట్లను తారుమారు చేసేది. ప్రతి తీగ మీదా తనిఖీ సంఖ్య ఉన్నది, ప్రతి తీగా సరిగానే పనిచేసింది. తప్పు తీగల మీద కాక తీగల నడుమ ఉన్న యంత్రం లోపల జరిగింది కాబట్టి ఎవరూ పట్టుకోలేకపోయారు, ఆ దారిన పోయిన ప్రోగ్రాముల మూలప్రతులు పాడయ్యాయి. మధ్యలో ఎన్ని తనిఖీలు ఉన్నా చివరి తనిఖీ రెండు కొసల్లోని ప్రోగ్రాముల మధ్యే జరగాలన్నది ఆ వ్యాస సారాంశం. గట్టు బోర్డు సెన్సరును చదివిన క్షణాన్నే తనిఖీ సంఖ్యను లెక్కకట్టి జతచేయడం, షెడ్డు బోర్డు ఏరేటరు స్విచ్చును తాకే ముందు దాన్ని సరిచూడడం ఆ సారాంశానికి ఆచరణరూపం.

ప్రోగ్రాము స్థాయి రసీదు ఏర్పడగానే దాని వెంటే మరో సమస్య వస్తుంది. గట్టు బోర్డు 17వ సందేశం పంపింది, షెడ్డు బోర్డు అందుకుని రసీదు ఇచ్చింది, ఆ రసీదు దారిలో పోయింది అనుకుంటే, గట్టు బోర్డు 17నే మళ్లీ పంపుతుంది. ఒకే సందేశం షెడ్డుకు రెండుసార్లు చేరుతుంది. ప్రతి సందేశానికీ వరుస సంఖ్య ఉంటే షెడ్డు బోర్డు రెండో ప్రతిని గుర్తించి, పని మళ్లీ చేయకుండా రసీదు మాత్రం మళ్లీ ఇస్తుంది. వరుస సంఖ్యకు మరో ప్రయోజనం ఉన్నది: 17 తరవాత 20 వస్తే మధ్యలో రెండు సందేశాలు పోయాయని ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. బోర్డు రీస్టార్ట్ అయినప్పుడు వరుస మళ్లీ 1 నుంచి మొదలవుతుంది కాబట్టి, ఎన్నోసారి ప్రారంభమైందన్న లెక్కను కూడా దానికి జతచేయాలి; లేకపోతే కొత్త సందేశాలన్నీ పాతవిగా కనిపించి తిరస్కారానికి గురవుతాయి.

ఇంతకన్నా లోతైన రక్షణ సందేశపు అర్థంలోనే ఉంటుంది. ఏరేటరు స్థితిని మార్చు అన్న ఆజ్ఞ రెండుసార్లు చేరితే, వెలిగిన మోటారు ఆరిపోతుంది. ఏరేటరును నడుస్తున్న స్థితిలో ఉంచు అన్న ఆజ్ఞ పదిసార్లు చేరినా ఫలితం ఒకటే. అదే విధంగా, డీఓ 0.3 తగ్గింది అని పంపితే ఒక్క సందేశం పోయినా ఆపై లెక్కంతా తప్పుతుంది. డీఓ ఇప్పుడు 3.7 అని పంపితే తరవాతి సందేశం వెనకటి లోటును దానంతట అదే పూడుస్తుంది. మార్పును కాకుండా స్థితిని చెప్పే సందేశాలు పోయినా, మళ్లీ వచ్చినా వ్యవస్థ తట్టుకుంటుంది.

రసీదుకు రసీదు, ఆ రసీదుకు మరో రసీదు ఇచ్చుకుంటూ పోతే పూర్తి నిశ్చయం కలుగుతుందా అన్న ప్రశ్నకు కంప్యూటరు శాస్త్రం స్పష్టమైన సమాధానం ఇచ్చింది. 1975లో ప్రచురితమైన ఈ సమస్యకు 1978లో జిమ్ గ్రే ఇద్దరు సేనాపతుల సమస్య అని పేరుపెట్టాడు. సందేశాలు పోగల దారిలో మాట్లాడుకునే ఇద్దరికి, ఎన్ని సందేశాలు మార్చుకున్నా, చివరి సందేశం చేరిందో లేదో అన్న సందేహం మిగిలే ఉంటుందని అది రుజువు చేస్తుంది. ఇది బోర్డు నాణ్యతతోనో ప్రోగ్రామరు నేర్పుతోనో తీరే లోపం కాదు. కాబట్టి షెడ్డు బోర్డు గట్టు బోర్డు అనుమతి కోసం ఎదురుచూడకుండా, తనకు తెలిసిన దాన్ని బట్టి, తెలియని దాన్ని బట్టి కూడా సొంతంగా నిర్ణయం తీసుకోగలగాలి.

మళ్లీ పంపడంలో ఓపిక కూడా ప్రోటోకాల్‌లో భాగమే. 1986 అక్టోబరులో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకూ, కేవలం 400 గజాల దూరంలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయానికీ మధ్య సెకనుకు 32 వేల బిట్లు సాగవలసిన సమాచారం 40 బిట్లకు పడిపోయింది. రసీదులు ఆలస్యమైన కొద్దీ కంప్యూటర్లు మళ్లీ మళ్లీ పంపి, ఉన్న ఇరుకును మరింత ఇరుకు చేశాయి. దీన్ని విశ్లేషించి వాన్ జేకబ్‌సన్ 1988లో ప్రచురించిన పరిష్కారాల్లో, విఫలమైన ప్రతిసారీ నిరీక్షణను పెంచుకుంటూ పోవడం ఒకటి. చిన్న పరికరాల కోసం 2014లో ప్రమాణంగా వెలువడిన కోయాప్ అనే ప్రోటోకాల్ అదే దారిలో నడుస్తుంది: మొదటి నిరీక్షణ 2 నుంచి 3 సెకన్ల మధ్య యాదృచ్ఛికంగా ఉంటుంది, ప్రతి వైఫల్యానికీ రెట్టింపవుతుంది, అదనపు ప్రయత్నాలు నాలుగుకు మించవు, ఎంత ఆలస్యమైనా 93 సెకన్లలో పంపినవాడికి వైఫల్యం ఖరారవుతుంది. యాదృచ్ఛికత ఎందుకో కరెంటు పోయి వచ్చినప్పుడు బోధపడుతుంది. పది చెరువుల బోర్డులు ఒకే క్షణంలో మేలుకుని, ఒకే లయలో ప్రయత్నిస్తే, ఒకే లయలో ఢీకొంటూనే ఉంటాయి.

ఇక దారుల ఎంపిక. విన్టన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ 1974లో ప్రతిపాదించిన ఆలోచన నుంచి ఎదిగిన టీసీపీ అనే ప్రోటోకాల్, బైట్లను వరుస తప్పకుండా అందించే బాధ్యత తీసుకుంటుంది. పోయిన భాగం మళ్లీ వచ్చేదాకా దాని వెనక ఉన్నవాటిని నిలిపి ఉంచుతుంది. ఫైళ్లకు ఇది గుణమే కానీ, డీఓ వంటి కొలతకు 4 నిమిషాల కిందటి అంకె కోసం తాజా అంకెను ఆపడం అపకారమే అవుతుంది. పైగా గట్టు బోర్డుకు హఠాత్తుగా కరెంటు పోతే, వినడం మాత్రమే చేసే షెడ్డు బోర్డుకు ఆ సంబంధం తెగిపోయిన సంగతి ఎప్పటికీ తెలియకపోవచ్చు. 1980లో నిర్వచితమైన యూడీపీ 8 బైట్ల శీర్షికతో సందేశాన్ని పంపి ఊరుకుంటుంది. రసీదు, వరుస, మళ్లీ పంపడం అన్నీ ప్రోగ్రామే చూసుకోవాలి. ఈఎస్‌పీ నౌ రౌటరుతో పని లేకుండా, నెట్‌వర్కులో చేరడానికి పట్టే సమయం కూడా లేకుండా, తొలి రూపంలో 250 బైట్ల దాకా ఒకేసారి పంపగలదు. కానీ రెండు బోర్డులూ ఒకే ఛానల్‌లో ఉండాలి. షెడ్డు బోర్డు ఇంటి రౌటరుకు కూడా కలిసి ఉన్నప్పుడు, ఆ రౌటరు తన ఛానల్ మార్చుకుంటే షెడ్డు బోర్డు దాని వెంట వెళ్తుంది, గట్టు బోర్డు పాత ఛానల్‌లోనే పిలుస్తూ ఉండిపోతుంది. రౌటరులో ఛానల్‌ను స్థిరపరచడమో, రసీదులు ఆగినప్పుడు గట్టు బోర్డు ఛానళ్లన్నీ వెతకడమో దీనికి విరుగుడు.

ఎంక్యూటీటీ అనే ప్రోటోకాల్‌ను 1999లో ఐబీఎంకు చెందిన ఆండీ స్టాన్‌ఫర్డ్ క్లార్క్, ఆర్కామ్ సంస్థకు చెందిన ఆర్లెన్ నిప్పర్ కలిసి, చమురు గొట్టాల కొలతలను ఉపగ్రహం ద్వారా తెప్పించుకోవడానికి రూపొందించారు. ఇందులో బోర్డులు నేరుగా మాట్లాడుకోకుండా బ్రోకర్ అనే మధ్యవర్తి ప్రోగ్రాముకు సందేశాలు అందజేస్తాయి. మహా అయితే ఒకసారి, కనీసం ఒకసారి, కచ్చితంగా ఒకసారి అన్న మూడు సేవా స్థాయిల్లో ఒకదాన్ని ఎంచుకుంటాయి. పేర్లు అభయం ఇస్తున్నట్టు తోచినా, గట్టు బోర్డుకు వచ్చే రసీదు బ్రోకరు ఇచ్చినదే తప్ప షెడ్డు బోర్డు ఇచ్చినది కాదు. షెడ్డు బోర్డు ఆరిపోయి ఉన్నా రసీదు యథావిధిగా వస్తుంది. అందుచేత షెడ్డు బోర్డు తాను చివరగా వాడిన వరుస సంఖ్యను వేరే సందేశంగా వెనక్కి పంపినప్పుడే రెండు కొసల మధ్య ఒప్పందం పూర్తవుతుంది. ఒక బోర్డు మూగబోతే దాని తరఫున ముందే రాసి ఉంచిన సందేశాన్ని బ్రోకరే ప్రకటించే సదుపాయం మాత్రం ఈ ప్రోటోకాల్‌లోని మేలైన అంశం.

ఏ దారిన పంపినా సందేశపు ఆకారం విషయంలో రెండు బోర్డులకూ ఏకాభిప్రాయం ఉండాలి. ఆర్డ్యుయినో ఊనో అనే మరో రకం మైక్రోకంట్రోలర్ బోర్డులో సాధారణ పూర్ణాంకం 2 బైట్లు తీసుకుంటే, ఈఎస్‌పీ 32లో అదే 4 బైట్లు తీసుకుంటుంది. ఒక బైటు గుర్తింపు సంఖ్య వెనక 4 బైట్ల అంకె ఉంటే ఈఎస్‌పీ 32 వాటి నడుమ 3 ఖాళీ బైట్లను చొప్పిస్తుంది, ఊనో చొప్పించదు. తనిఖీ సంఖ్య సరిగ్గా సరిపోయినా అర్థం తప్పే సందర్భం ఇది. ప్రతి అంకె ఎన్ని బైట్లో కచ్చితంగా రాసుకోవడం, 4.37 వంటి దశాంశాన్ని 437 అనే పూర్ణాంకంగా పంపడం, మొదటి బైటులో ఆకారపు సంచిక సంఖ్యను ఉంచడం ఈ చిక్కును తప్పిస్తాయి.

అంకె వయస్సు తెలియాలంటే కాలం కావాలి. బోర్డు మేలుకున్నప్పటి నుంచి గడిచిన మిల్లీసెకన్లను లెక్కించే 32 బిట్ల గడియారం 49.7 రోజులకు నిండి మళ్లీ సున్నాకు వస్తుంది. వనామీ రొయ్యల పంట మూడు నాలుగు నెలలు సాగుతుంది కాబట్టి, ఆగకుండా నడిచే బోర్డులో ఈ మలుపు పంట మధ్యలో వచ్చి తీరుతుంది. ఇప్పటి లెక్క నుంచి వెనకటి లెక్కను తీసివేసి వ్యవధిని చూసే ప్రోగ్రాము ఆ మలుపును సజావుగా దాటుతుంది. వెనకటి లెక్కకు వ్యవధిని కూడి దానితో ఇప్పటి లెక్కను పోల్చే ప్రోగ్రాము అక్కడ తడబడుతుంది.

విద్యుత్తు సంగతి కూడా ముందే చూసుకోవాలి. ఈఎస్‌పీ 32 గాఢనిద్రలో ఉన్నప్పుడు సుమారు 10 మైక్రో ఆంపియర్లు తీసుకుంటుంది. రేడియో పూర్తి శక్తితో పంపే క్షణంలో 240 మిల్లీ ఆంపియర్ల దాకా లాగుతుంది. బలహీనమైన బ్యాటరీ ఆ తాకిడికి వంగిపోతే, వోల్టేజీ తగ్గుదలను కనిపెట్టే భాగం బోర్డును రీస్టార్ట్ చేస్తుంది. అంటే సరిగ్గా కబురు పంపవలసిన క్షణంలోనే బోర్డు పడిపోతుంది. తగిన కెపాసిటరును చిప్పు దగ్గర ఉంచడం, అర ఆంపియరు ఇవ్వగల సరఫరాను ఎంచుకోవడం అందుకే అవసరం. పంపలేకపోయిన అంకెలను దాచే చోటును కూడా ఆలోచించి ఎంచుకోవాలి. ఫ్లాష్ మెమరీలో ఒక్కో అర సుమారు లక్ష రాతలను తట్టుకుంటుంది. నిమిషానికి ఒకసారి ఒకే అరలో రాస్తే 69 రోజులకే ఆ లక్ష పూర్తవుతుంది. కొద్దిపాటి అంకెలను గాఢనిద్రలోనూ చెరగని 8 కిలోబైట్ల ప్రత్యేక మెమరీలో దాచి, ఎక్కువైనప్పుడు మాత్రమే ఫ్లాష్‌లో వేర్వేరు అరలకు పంచి రాయడం మేలు.

ఈ జాగ్రత్తలన్నీ తీసుకున్నా సందేశాలు ఆగిపోయే ఘడియ వస్తుంది కాబట్టి, షెడ్డు బోర్డు మౌనానికి కూడా అర్థం చెప్పుకోవాలి. గట్టు బోర్డు డీఓ మారినా మారకపోయినా నిమిషానికి ఒక సందేశం పంపాలన్న నియమం ఉంటే, వరుసగా ఐదు నిమిషాల మౌనం తప్పకుండా ఏదో చెడిందని చెబుతుంది. మారినప్పుడే పంపాలన్న నియమం ఉంటే, అంతా బాగున్న మౌనమూ అంతా పోయిన మౌనమూ ఒకేలా ఉంటాయి. మౌనం హద్దు దాటినప్పుడు చివరి అంకెను పట్టుకుని వేలాడకుండా, డీఓ తక్కువగా ఉన్నదనే భావించి ఏరేటర్లను తిప్పడం, అలారం మోగించడం షెడ్డు బోర్డు కర్తవ్యం. అనవసరంగా తిరిగిన ఏరేటరుకు కొంత కరెంటు ఖర్చవుతుంది, తిరగవలసినప్పుడు ఆగిన ఏరేటరుకు పంట ఖర్చవుతుంది. షెడ్డు బోర్డే బిగుసుకుపోతే దాన్ని రీస్టార్ట్ చేసే వాచ్‌డాగ్ టైమరు, రెండు బోర్డులూ విఫలమైనా మనిషి చేతితో వేయగల స్విచ్చు ఈ వరుసలో చివరి కావళ్లు.

ఇలాంటి వ్యవస్థను నిర్మించేవారు సాధారణంగా ప్రోటోకాల్ ఎంపికతో మొదలుపెట్టి, మౌనం సంగతిని చివరికి వాయిదా వేస్తారు. ఈ క్రమాన్ని తిరగవేయడం మంచిది. కబురు రానప్పుడు అందుకునే కొస ఏం చేయాలి, ఎంతసేపటి మౌనాన్ని సహించవచ్చు అన్న రెండు ప్రశ్నలకు ముందుగా సమాధానం రాసుకుంటే, ఎంత తరచుగా పంపాలి, ఎన్నిసార్లు మళ్లీ ప్రయత్నించాలి, ఎంత దాచాలి అన్న లెక్కలు ఆ సమాధానం నుంచే వెలువడతాయి. టీసీపీయా, యూడీపీయా, ఎంక్యూటీటీయా అన్నది అప్పటికి చిన్న ప్రశ్న అవుతుంది. పంపినవెన్ని, రసీదు వచ్చినవెన్ని, వరుసలో తప్పిపోయినవెన్ని అన్న మూడు లెక్కలను బోర్డులు నిత్యం నమోదు చేస్తూ ఉండాలి. కావాలనే రౌటరును ఆపి, బ్యాటరీని పీకి, యాంటెన్నాను వంచి ఆ లెక్కలు ఎలా మారుతున్నాయో పంట వేయక ముందే పరీక్షించాలి. ఆ పరీక్షల్లో ఒక్క సందేశం కూడా పోలేదని తేలితే, వ్యవస్థ పరిపూర్ణమైనదని కాక, పరీక్ష ఇంకా చాలలేదని భావించడమే విజ్ఞత.